ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లకు



కేరళ తీరాన్ని ఒకసారి మనసులో ఊహించుకోండి. పడమట అరేబియా సముద్రం. దాన్ని ఆనుకుని సన్నటి ఇసుక నేల. ఆ నేలకు తూర్పున, సముద్రంతో పాటే సాగుతూ మళ్లీ నీళ్లు. ఒకచోట కనుచూపు మేర పరుచుకున్న కాయలు (మలయాళంలో తీరపు సరస్సును అలా అంటారు), ఇంకోచోట రెండు పడవలు ఒదిగి తప్పుకోవాల్సిన కాలువ, మరోచోట నది. ఈ సరస్సులనూ నదుల చివరలనూ తవ్వుడు కాలువలతో ఒకదానికొకటి కలిపారు అక్కడి పూర్వులు. సముద్రం మీదికి వెళ్లే పని లేకుండా ఊరి నుంచి ఊరికి పడవ మీద పోయే దారి చేసుకున్నారు. ఆ దారిలో కొల్లం నుంచి కొట్టప్పురం దాకా ఉన్న 168 కిలోమీటర్లను 1993లో మూడో నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016లో దాన్ని కోళిక్కోడ్ వరకు పొడిగించారు.

ఆ దారిలో కొల్లం నుంచి అలెప్పీకి, అంటే ఆలప్పుళకు, ఒక పగలంతా సాగే పడవ ప్రయాణం గురించి ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను. రోడ్డు మీద ఈ రెండు ఊళ్ల మధ్య సుమారు 85 కిలోమీటర్లు. బస్సులో రెండు మూడు గంటలు పడుతుంది. పడవకు ఎనిమిది గంటలు కావాలి. పొద్దున పదిన్నరకు రేవు వదిలితే సాయంత్రం ఆరున్నరకు గాని దిగలేం.

కొబ్బరిచెట్ల అందం చూడటానికే అయితే ఆ ఎనిమిది గంటలు ఎక్కువే అనిపించవచ్చు. కానీ ఆ పగలు నాకొక సంగతి కళ్లకు కట్టింది. సముద్రం పక్కన బతికే మనిషికి ఉప్పునీళ్లకూ మంచినీళ్లకూ మధ్య ఉన్న హద్దు దానంతటది నిలవదు. రోజూ ఎవరో ఒకరు కాపు కాయాలి. తలుపులు వేయాలి, తీయాలి, గట్లు పూడ్చాలి. ఆ నీళ్ల మీద తిరిగే జనమే దానికి కాపలా. జనం తిరగడం మానేస్తే ఆ నీళ్లను చూసే దిక్కుండదు. కాకినాడ నుంచి చెన్నై దాకా ఇలాంటి దారే ఉన్న మనవాళ్లకు ఇది చాలా దగ్గరి విషయం. అక్కడికి చివర్లో వస్తాను. ముందు పడవెక్కుదాం.

కొల్లం రేవు బస్టాండుకు పక్కనే ఉంటుంది. పడవకు రెండు అంతస్తులు. పైన కూర్చుంటే గాలీ వెలుతురూ. ముందు చక్రం దగ్గర సరంగు నిలబడతాడు, లస్కరు తాడు విప్పుతాడు. గోదావరి లాంచీలు ఎక్కినవాళ్లకు ఈ మనుషులు, ఈ పనులు, ఈ ఇంజను చప్పుడు అన్నీ తెలిసినవే.

పడవ ముందుగా అష్టముడి కాయల్లోకి వస్తుంది. వేంబనాడు సరస్సు తర్వాత కేరళలో ఇదే పెద్దది. పాయలు పాయలుగా చీలి నేల లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది. తూర్పు కొండల నుంచి కల్లడ నది వచ్చి ఇందులో కలుస్తుంది. పడమట నీండకర దగ్గర ఇది సముద్రంలోకి తెరుచుకుంటుంది. అందువల్ల నీళ్లు రోజూ ఆటుపోట్లతో ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఒడ్డున వరసగా చీనావలలు కనిపిస్తాయి. నాలుగు కర్రలకు కట్టిన పెద్ద వల, దాన్ని పైకెత్తడానికి వెనక రాళ్లు కట్టిన దూలం. వల దించడం, కాసేపు ఆగి ఎత్తడం, ఉన్న నాలుగు చేపలు ఏరుకోవడం, మళ్లీ దించడం. పొద్దుటి పోటు ఉన్నంతసేపూ ఇదే పని.

ఈ అష్టముడిని 2002లో రాంసార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. మన కొల్లేరు కూడా అదే ఏడాది ఆ జాబితాలోకి ఎక్కింది. జాబితాకు ఎక్కినంత మాత్రాన నీళ్లు బాగుపడవని కొల్లేరు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అష్టముడికీ కష్టాలున్నాయి. ఊరి మురుగు వచ్చి చేరుతుంది, ప్లాస్టిక్ తేలుతుంది. అయితే ఇక్కడ జరిగిన ఒక మంచి పని గురించి చెప్పాలి. ఈ కాయల అడుగున గుల్లలు దొరుకుతాయి. విదేశాలకు ఎగుమతి మొదలయ్యాక జనం వాటిని అతిగా తీశారు. 1990ల తొలినాళ్లలో దిగుబడి పడిపోయింది. అప్పుడు గుల్లలు తీసేవాళ్లూ శాస్త్రవేత్తలూ అధికారులూ కలిసి కూర్చున్నారు. గుల్లలు గుడ్లు పెట్టే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపాలనుకున్నారు. పిల్ల గుల్లలు జారిపోయేలా వల కన్ను పెద్దది చేయాలనుకున్నారు. అనుకున్నది ఏళ్ల తరబడి పాటించారు. ఫలితంగా 2014లో ఈ గుల్లల వేటకు అంతర్జాతీయ ధ్రువీకరణ వచ్చింది. మన దేశంలో అలాంటి గుర్తింపు పొందిన మొదటి వేట ఇదే. రోజూ నీళ్లలో దిగేవాళ్లు నీళ్లలో వచ్చిన మార్పును ముందుగా పసిగట్టారు. నష్టం తమదే కాబట్టి కట్టుబాటుకూ ఒప్పుకున్నారు.

నీండకర దాటుతుంటే రేవు నిండా రంగురంగుల మరబోట్లు. 1953లో నార్వే సహకారంతో మన దేశంలో మరబోట్ల చేపలవేటకు పునాది పడింది ఈ ప్రాంతంలోనే. ఈ బోట్లను గుర్తు పెట్టుకోండి. సాయంత్రం కుట్టనాడు అనే పల్లపు ప్రాంతం చేరినప్పుడు వీటి కథ మళ్లీ వస్తుంది.

అక్కడి నుంచి దారి ఇరుకవుతుంది. పడవ చవర వైపు కాలువలోకి మళ్లుతుంది. ఎడమ చేతి పక్క ఇళ్లు, ఇళ్ల వెనకే సముద్రం. ఇంజను జోరు తగ్గించినప్పుడు అలల హోరు వినబడుతుంది. కుడి చేతి పక్క కొబ్బరి తోటలు, వాటి వెనక పెద్ద రోడ్డు. కొన్నిచోట్ల కొబ్బరిపీచు కోసం డొక్కలను నీళ్లలో నెలల తరబడి ఊరబెడతారు. ఆ వాసన ముక్కుకు ఘాటుగా తగులుతుంది. గుమ్మం మెట్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. ఆడవాళ్లు ఆ మెట్ల మీదే గిన్నెలు తోముకుంటారు. ఎత్తుగా కట్టిన నడకవంతెనల కింద నుంచి పడవ వెళ్తుంటే పైన సైకిలు నడిపించుకుంటూ పోయేవాళ్లు ఆగి చూస్తారు.

చవర, ఆలప్పాడ్ ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది. ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలు అందులో ఉన్నాయి. మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లోనూ ఇలాంటి ఇసుకే ఉంది. తెల్లరంగుల తయారీకి కావాల్సిన టైటానియం ఇల్మెనైట్, రూటైల్‌ల నుంచి వస్తుంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అందుకని ఇక్కడ దశాబ్దాలుగా ప్రభుత్వ సంస్థలు ఇసుక తవ్వుతున్నాయి. తవ్వకం ఒకవైపు, సముద్రపు కోత ఇంకోవైపు. ఆ రెంటి మధ్య ఆలప్పాడ్ నేల సన్నబడుతూ వస్తోందని ఊరివాళ్లు 2018 చివర్లో దీక్షలకు కూర్చున్నారు. పడవలో నుంచి చూస్తే వాళ్ల భయం అర్థమవుతుంది. కాలువకూ కడలికీ మధ్య కొన్నిచోట్ల ఒక వీధి, రెండు వరసల ఇళ్లు, అంతే చోటు. రోడ్డు మీద పోయేవాళ్లకు ఆ ఊరు ఎంత సన్నగా మిగిలిందో కనిపించే వీలే లేదు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కేరళలో అందరికన్నా ఎక్కువ ప్రాణాలు పోగొట్టుకున్నది ఈ ఆలప్పాడ్ ఒడ్డే. పడమట నుంచి కెరటం వస్తే తూర్పుకు పరుగెత్తాలి. తూర్పున ఈ కాలువ అడ్డం. దాటడానికి వంతెనలు తక్కువ, పడవలే దిక్కు. రోజూ అన్నం పెట్టిన నీళ్లే ఆ మధ్యాహ్నం దారికి అడ్డంగా నిలిచాయి. తర్వాత అమృతపురి ఆశ్రమం దగ్గర కాలువ మీద నడకవంతెన కట్టారు. పడవ దాని కింద నుంచే వెళ్తుంది. ఆశ్రమానికి వెళ్లేవాళ్లు కొందరు అక్కడే దిగిపోతారు. తీరంలో నీటిదారి వేసేవాళ్లెవరైనా ఆ వంతెనను ఒకసారి చూసి రావాలి. కాలువ ఉన్న ప్రతి పల్లెకూ పడవరేవు ఎంత అవసరమో, ఆపదలో పరుగెత్తి దాటే వంతెన కూడా అంతే అవసరం.

మధ్యాహ్నం ఒక రేవు దగ్గర భోజనానికి ఆపుతారు. ఎర్రగింజల లావు అన్నం, కొబ్బరి వేసిన కూరలు, కుడంపుళి అనే ఎండబెట్టిన కాయతో పులుపు పట్టించిన చేపల పులుసు. తిని మళ్లీ పడవెక్కితే కాయంకుళం కాయలు వస్తాయి. నీళ్లు వెడల్పవుతాయి, గాలి చల్లబడుతుంది. ఇక్కడా సముద్రానికి ఒక మొగ ఉంది. అందుకే ఇవీ ఉప్పునీళ్లే. ఈ కాయల ఒడ్డున ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం నీళ్ల మీద సౌరఫలకలు పరిచింది. 92 మెగావాట్ల ఆ కేంద్రం 2022లో పూర్తయింది. మన రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సౌరకేంద్రం పూర్తిగా పనిలోకి వచ్చింది కూడా అదే ఏడాది.

ఇక కాయంకుళం కాయలు దాటాక తృక్కున్నపుళ. ఈ దారిలో ఉప్పుకూ తీపికీ మధ్య గుమ్మం ఇదే. ఇక్కడ ఒక లాకు ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల్లో పుట్టినవాళ్లకు లాకంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. కాలువకు అడ్డంగా తలుపులు, వాటి మధ్య పడవ పట్టే చోటు. మన లాకుల పని ఎత్తుపల్లాలు దాటించడం. ఇక్కడి లాకు ముఖ్యమైన పని వేరు. దక్షిణాన కాయంకుళం వైపు నుంచి వచ్చే ఉప్పునీరు ఉత్తరాన కుట్టనాడు వరిపొలాలకు ఎక్కకుండా ఆపాలి. పడవ వస్తే తలుపు తీయాలి, వెళ్లగానే వేయాలి. వేసవిలో ఆ తలుపు సరిగ్గా పడకపోతే, చెక్క పుచ్చిపోతే, ఇనుము తుప్పుపట్టి సందు ఇస్తే, ఉప్పు నేరుగా పైరు వేళ్ల దగ్గరికి చేరుతుంది. ఎన్నో మైళ్ల అవతల ఉన్న రైతు ఈ ఒక్క తలుపు మీద ఆధారపడి ఉన్నాడు. పడవ ఆ ఇరుకులోకి దూరుతున్నప్పుడు సరంగు మాట్లాడటం ఆపేశాడు. లస్కరు గడకర్ర పట్టుకుని ముందుకొచ్చి, గోడకు తగలకుండా పడవను నెట్టాడు. ప్రయాణికులందరూ లేచి నిలబడి చూశారు.

ఆ లాకు దాటాక కొంతసేపటికి పల్లన. మలయాళ సాహిత్యం చదివినవాళ్లకు ఆ పేరు వినగానే మనసు బరువెక్కుతుంది. మహాకవి కుమారన్ ఆశాన్ ఇక్కడే నీళ్లలో మునిగి చనిపోయారు. ఆయన 1873లో పుట్టారు. శ్రీనారాయణ గురు శిష్యుడు. మన గురజాడకు సమకాలికుడు. గురజాడ ‘లవణరాజు కల’లో కులం గీసిన గీతను ఎలా ప్రశ్నించారో, ఆశాన్ ‘దురవస్థ’లో, ‘చండాలభిక్షుకి’లో అలాగే ప్రశ్నించారు. ఆ రెండు కావ్యాలూ 1922లో వచ్చాయి. 1924 జనవరి 16న ఆయన కొల్లం నుంచి ఆలప్పుళకు పడవలో వస్తున్నారు. మనం ఇప్పుడు వస్తున్న దారే. ఆ పడవ పేరు రిడీమర్. పట్టేదానికన్నా ఎక్కువ జనం ఎక్కారు. రాత్రివేళ పల్లన మలుపులో అది బోల్తా పడింది. యాభై ఏళ్ల వయసులో ఉన్న, ఇంకా ఎంతో రాయాల్సిన తన కవిని మలయాళ భాష పోగొట్టుకుంది. ఆ ఒడ్డున ఆయన స్మారకం ఉంది. మా పడవ దాని ముందు నుంచి వెళ్తున్నప్పుడు మలయాళీ ప్రయాణికులు పిల్లలకు వేలు పెట్టి చూపించారు.

నూరేళ్లు దాటినా ఈ ప్రమాదం పాతబడలేదు. 2019 సెప్టెంబరులో మన గోదావరి మీద కచ్చులూరు దగ్గర, 2023 మేలో కేరళలోనే తానూర్ దగ్గర పడవలు మునిగి ఎన్నో కుటుంబాలు కూలిపోయాయి. పడవ ప్రయాణాన్ని ప్రేమించేవాళ్లందరూ ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎంతమంది పడతారో పడవ మీద రాసి ఉంటుంది. ఆ అంకె దాటితే ఎక్కకండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. వరద ఉన్నప్పుడు వద్దంటే మానుకోండి. నీటిదారిని మళ్లీ తెరవాలని అడిగేవాళ్లం భద్రత గురించి అందరికన్నా ముందు అడగాలి.

సాయంత్రం పొద్దు వాలేవేళకు తోట్టప్పళ్ళి. ఇక్కడ ఇంకో తలుపు ఉంది, చాలా పెద్దది. 40 గేట్ల స్పిల్‌వే. 1955లో పూర్తయింది. తూర్పు కొండల్లో పుట్టిన పంబ, మణిమల, అచ్చన్‌కోవిల్ నదులు కుట్టనాడు పల్లంలోకి దిగుతాయి. మన అయ్యప్పస్వాములు శబరిమల ఎక్కే ముందు స్నానం చేసే పంబ ఇదే. వానాకాలంలో ఆ నదులు ఒక్కసారి పొంగితే నీళ్లకు పోయే దారి ఉండదు. వేంబనాడు మీదుగా కొచ్చి దాకా చుట్టు తిరిగి సముద్రంలో కలవాలి. ఆ చుట్టును తప్పించి దగ్గరదారిన సముద్రంలోకి పంపడానికి తోట్టప్పళ్ళి గేట్లు కట్టారు. వరద వస్తే తెరవాలి, వేసవిలో ఉప్పు రాకుండా మూయాలి. గేట్లు తెరిచినా సరిపోదు. అలలు తెచ్చి పోసిన ఇసుకమేట మొగకు అడ్డం పడుతుంది. ప్రతి ఏటా వానలకు ముందు దాన్ని కోసి దారి ఇవ్వాలి.

దగ్గర్లోనే కరుమాడి. కాలువ పక్కన నల్లరాతి బుద్ధుడు కూర్చుని ఉంటాడు. శరీరంలో ఎడమ భాగం లేదు, ఎప్పుడో పోయింది. కుడి భాగం మాత్రం మిగిలింది. ఊరివాళ్లు ప్రేమగా కరుమాడిక్కుట్టన్ అంటారు. బుద్ధుడి కరుణను కావ్యాలుగా మలిచిన ఆశాన్ ప్రాణం పోయింది ఇక్కడికి ఎంతో దూరంలో కాదు. ఈ చుట్టుపక్కలదే తకళి గ్రామం. ‘చెమ్మీన్’ రాసి, 1984లో జ్ఞానపీఠం అందుకున్న తకళి శివశంకర పిళ్ళై స్వగ్రామం అది. కుట్టనాడు పొలాల్లో కూలి చేసిన మనుషుల బతుకును ఆయన ‘రండిటంగళి’లో రాశారు. ఆ బతుకు ఎలాంటిదో పడవ ఇంకొంచెం ముందుకు పోతే కనిపిస్తుంది.

కుట్టనాడులో పడవ పైన, పొలం కింద. చూసినవాళ్లకు మొదట నమ్మకం కుదరదు. కాలువ గట్టు మీదుగా చూస్తే వరిచేను మన పడవ కన్నా, కాలువ నీళ్ల కన్నా దిగువన పచ్చగా పరుచుకుని ఉంటుంది. ఇక్కడి పొలాల్లో చాలా భాగం సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లు దిగువన ఉంది. కాయల్లో బురద గట్లు పోసి, చుట్టూ కట్ట కట్టి, లోపలి నీళ్లు బయటికి తోడి, అడుగు నేలను పొలంగా చేశారు. మొదట్లో ఆ నీళ్లను కాళ్లతో తొక్కే చక్రాలతో తోడేవాళ్లు. గట్టు మీద మనుషులు వరసగా ఎక్కి రాత్రింబగళ్లు తొక్కేవాళ్లు. తర్వాత ఆవిరి ఇంజన్లు, ఇప్పుడు కరెంటు మోటార్లు. గట్టు లోపలి పొలాలన్నిటినీ కలిపి పాడశేఖరం అంటారు. అందులో ఏ రైతూ ఒంటరిగా వ్యవసాయం చేయలేడు. ఒకడి గట్టు తెగితే అందరి పంటా పోతుంది. అందుకే నీళ్లు ఎప్పుడు తోడాలో, విత్తనం ఎప్పుడు చల్లాలో, మోటారు ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలో అందరూ కూర్చుని తేల్చుకుంటారు. ఈ సాగు పద్ధతిని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

2018 ఆగస్టు వరదల్లో ఈ గట్లు తెగాయి. కుట్టనాడు మొత్తం నీళ్లపాలైంది. ఇళ్లు వదిలిన జనాన్ని పడవల్లోనే ఆలప్పుళకూ చంగనాశ్శేరికీ చేర్చారు. అప్పుడు నీండకర నుంచి, కొల్లం నుంచి, ఇంకా తీరం పొడుగునా ఉన్న పల్లెల నుంచి మత్స్యకారులు తమ పడవలను లారీల మీద ఎక్కించుకుని చెంగన్నూరు లాంటి ఊళ్లకు వచ్చారు. వీధుల్లో పారుతున్న వరదలోకి పడవలు దించారు. ఇళ్ల పైకప్పుల మీద చిక్కుకున్న వేలమందిని దించి తీసుకొచ్చారు. పొద్దున మనం చూసిన బోట్ల వాళ్లే వాళ్లు. నీటి మీద బతకడం వాళ్లు ఏ శిబిరంలోనూ నేర్చుకోలేదు, రోజువారీ పనిలో నేర్చుకున్నారు. ఆ రోజు రాష్ట్రమంతటికీ ఆ విద్యే అక్కరకొచ్చింది.

కుట్టనాడు కాలువల్లో మా పడవకు ఎదురొచ్చిన వాటిలో ఎక్కువ భాగం పర్యాటకుల పడవలు కాదు. కేరళ రాష్ట్ర జలరవాణా శాఖ పడవలు. 1968లో ఏర్పడిన ఆ శాఖ ప్రధాన కార్యాలయం ఆలప్పుళలోనే ఉంది. పల్లె పల్లెకూ చిన్న రేవు. పడవ వచ్చి ఆనుకుంటుంది. యూనిఫాం వేసుకున్న పిల్లలు, కూరల సంచులు పట్టుకున్న ఆడవాళ్లు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు గబగబా ఎక్కుతారు. కండక్టరు టికెట్లు కొడతాడు. ఛార్జీ మన పల్లెవెలుగు బస్సు ఛార్జీ లాగే తక్కువ. 2017 జనవరిలో వైకం దగ్గర దేశంలోనే మొదటి సౌర ఫెర్రీ ‘ఆదిత్య’ను ప్రవేశపెట్టింది ఈ శాఖే. 75 మందిని ఎక్కించుకుని, డీజిల్ లేకుండా, పొగ లేకుండా తిరుగుతుంది.

నా మాట అంతా ఈ పడవల మీదే ఆధారపడి ఉంది. కాలువలో గుర్రపుడెక్క అల్లుకుంటే ఆ పొద్దుటి పడవ ఆగిపోతుంది. పడవ ఆగితే బడికి పోయే పిల్ల ఆలస్యమవుతుంది. ఆ పిల్ల తండ్రి పంచాయతీకి వెళ్లి అడుగుతాడు. వారం తిరక్కుండా డెక్క తీయక తప్పదు. రేవు మెట్టు విరిగినా, గట్టు జారినా, నీళ్ల రంగు మారినా అదే రోజు పదిమంది కంట పడుతుంది. కాలువను బాగుచేయించేది ఈ అవసరమే.

కేరళలో అంతా బాగుందని నేను చెప్పడం లేదు. ఆలప్పుళ చేరేసరికి వందల కొద్దీ ఇంటిపడవలు కనిపిస్తాయి. ఒకప్పుడు మేకు కొట్టకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టి, కుట్టనాడు వడ్లు మోసిన కెట్టువళ్ళాలే ఇవి. 1990ల నుంచి వాటిని పర్యాటకుల కోసం పడగ్గదులతో తీర్చిదిద్దారు. ఎంతోమందికి ఉపాధి దొరికింది. కానీ వాటి నుంచి కారే నూనె, వంట వ్యర్థాలు, మురుగు ఆ నీళ్లలోకే చేరుతున్నాయి. ఒడ్డున ఉన్నవాళ్లు వాడుకునే నీళ్లు కూడా అవే. ఇంకొంచెం ఉత్తరాన వేంబనాడుకు అడ్డంగా తణ్ణీర్‌ముక్కం బండ్ ఉంది. 1970ల మధ్యలో కట్టారు. ఉప్పును ఆపి వరిని కాపాడుతుంది, నిజమే. అయితే గేట్లు మూసిన నెలల్లో చేపలూ రొయ్యలూ సముద్రానికి రాకపోకలు చేయలేవు, నీళ్లు కదలక డెక్క పెరుగుతుంది. మూయమని రైతు, తీయమని మత్స్యకారుడు. ఇద్దరిదీ ఆకలి సమస్యే. మన ఉప్పుటేరు మీదుగా కొల్లేరులోకి ఎగదన్నే ఉప్పునీటి గొడవ తెలిసినవాళ్లకు ఈ తగువు కొత్త కాదు. తలుపు కట్టడంతో పని అయిపోదు. ఎప్పుడు తీయాలి, ఎప్పుడు వేయాలి అన్నది రెండు పక్కల వాళ్లూ కూర్చుని ప్రతి ఏటా మాట్లాడుకోవాలి.

ఇప్పుడు మన కాలువ దగ్గరికి వద్దాం.

కాకినాడ నుంచి ధవళేశ్వరం దాకా కాకినాడ కాలువ. రాజమండ్రి నుంచి విజయవాడ దాకా ఏలూరు కాలువ. అక్కడి నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ. పెదగంజాం నుంచి చెన్నై మీదుగా తమిళనాడులో మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్ల బకింగ్‌హాం కాలువ. ఇది మన తీరపు నీటిదారి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాటన్ హయాంలో తవ్విన కాలువలు పైరుకూ పడవకూ కలిపి తవ్వినవే. బకింగ్‌హాం కాలువ పని పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో మద్రాసు దగ్గర మొదలై ముక్కలు ముక్కలుగా సాగింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో, ఆకలితో వచ్చిన జనానికి కూలి ఇచ్చి, మద్రాసు నగరంలో మిగిలిన ముక్కను తవ్వించారు. ఉత్తర దక్షిణ కాలువలు అలా కలిశాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. ఆ మట్టి మోసిన వేలాది మంది పేర్లు మనకు తెలియవు. మన తాతముత్తాతల్లో ఎవరు ఆ గట్టున తట్ట మోశారో ఎవరం చెప్పలేం.

ఆ కాలువ మీద తెరచాప పడవలు ఉప్పు, వడ్లు, పొగాకు, సరుగుడు కట్టెలు మోసేవి. గాలి లేనప్పుడు గట్టు వెంట మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు. 1899లో విజయవాడ మద్రాసు రైలుమార్గం వచ్చింది, తర్వాత లారీలు వచ్చాయి. తుపాన్లు గట్లను తెంపాయి, పూడిక పేరుకుంది. పడవ ఆగింది. పడవ ఆగాక చూసేవాళ్లు పోయారు. చూసేవాళ్లు లేని కాలువలోకి మురుగు వచ్చింది, ఆక్రమణలు వచ్చాయి. చెన్నైలో ఎత్తు రైలుమార్గం స్తంభాలను ఏకంగా కాలువలోనే నిలబెట్టారు. 2008లో ఈ నీటిదారిని నాలుగో నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన వచ్చి ఏళ్లు గడిచినా బకింగ్‌హాం కాలువ మీద రోజువారీ పడవ తిరగడం లేదు.

పెద్ద పెద్ద ఓడల కోసం మొత్తం దారిని ఒకేసారి బాగుచేయాలంటే డబ్బూ కాలమూ చాలా కావాలి. నేను అడిగేది చిన్నది. ప్రకాశం జిల్లాలోనో, బాపట్ల జిల్లాలోనో, నెల్లూరు జిల్లాలోనో, నీళ్లు ఇంకా బాగున్న ఒక పది పదిహేను కిలోమీటర్ల ముక్కను తీసుకోండి. దాని రెండు చివరలా లాకులను బాగుచేయండి. మధ్యలో ఉన్న మత్స్యకార పల్లెలకు రేవులు కట్టండి, దాటడానికి వంతెనలు వేయండి. బస్సు ఛార్జీకి పొద్దున ఒక పడవ, సాయంత్రం ఒక పడవ నడపండి. బడికి పోయే పిల్లలు, చేపల గంపలు అందులో వెళ్లనివ్వండి. పర్యాటకుల పడవ తర్వాత తానే వస్తుంది. ముందు కావాల్సింది ఊరివాళ్ల పడవ.

ఆ కాలువ పక్కన ఉంటున్న శ్రోతలకు ఒక విన్నపం. మీ ఊరి లాకు తలుపులు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో ఈ ఆదివారం వెళ్లి చూడండి. గట్టు ఎక్కడ తెగిందో, మురుగు ఎక్కడ కలుస్తోందో రాసుకోండి. మీ పంచాయతీ సభలో ఆ కాగితం పెట్టి, మా కాలువలో పడవ ఎప్పుడు తిరుగుతుందని అడగండి. సమాధానం వచ్చేదాకా ప్రతి సభలోనూ అడగండి. కేరళ కాలువలు బతికింది అలా అడిగేవాళ్లు ఉండబట్టే. మన కాలువను బతికించుకోవడం కూడా మన వల్ల అయ్యే పనే.